తాళాల హాబీకి పిక్‌లు ఇంట్లో చేసుకోవాలా, కొనుక్కోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తాళంచెవి లేకుండా తాళం తెరవడం హాబీగా నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో పాత హాక్సా బ్లేడ్లు, ఒక ఫీలర్ గేజ్ సెట్టు (సందులు కొలిచే పలచటి ఉక్కు ఆకులు) ఉన్నాయి. వాటితో పిక్‌లు (తాళంలో పెట్టి తెరిచే సన్నటి పనిముట్లు) చేసుకుంటే సరిపోతుందా, లేక ముప్పై ముక్కలుండే సెట్టు కొనడం మేలా? ఇంట్లో చేసినవాటితో మొదలుపెడితే చెడు అలవాట్లు పడతాయా?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మొదటి హుక్ (మొన పైకి వంగిన పిక్) కొనండి, మంచిది ఒక్కటి చాలు. టెన్షన్ రెంచ్‌లు (తాళాన్ని తిప్పి పట్టే వంచిన పట్టీలు) మాత్రం మొదటి వారం నుంచే ఇంట్లో చేసుకోండి. ముప్పై ముక్కల సెట్టు జోలికి వెళ్ళొద్దు. కొన్న హుక్‌తో కొన్ని తాళాలు తెరిచి, లోపల ఏం జరుగుతోందో చేతికి తెలిశాక మీ ఫీలర్ గేజ్ బయటికి తీయండి. అప్పుడు మీరు చేసుకునే పిక్ కొన్నదానికంటే బాగుండే అవకాశం నిజంగానే ఉంది.

ఎందుకు ఈ వరస అంటే, తాళం లోపల జరిగేది ఒకసారి చూడాలి. మనకి ఎక్కువగా కనిపించేది పిన్ టంబ్లర్ తాళం. పలకలాంటి చిన్న తాళంచెవితో పనిచేసే ఈ రకానికి లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంట్ తీసుకున్నారు. లోపల తిరిగే ఇత్తడి ప్లగ్ ఒకటి, దాని చుట్టూ కదలని బాడీ. రెంటినీ కలుపుతూ వరసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో చెవికి తగిలే కీ పిన్ను, దాని మీద డ్రైవర్ పిన్ను, ఆపైన స్ప్రింగు. సరైన చెవి పెడితే ప్రతి జతలోనూ రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా ప్లగ్ అంచుకి వచ్చి నిలుస్తుంది. ఆ అంచుని షియర్ లైన్ అంటారు. అన్నీ అక్కడికి వచ్చాయా, ప్లగ్ తిరుగుతుంది.

పిక్కింగ్‌కి ఆస్కారం ఇచ్చేది తయారీలో మిగిలిపోయే వెంట్రుకవాసి తేడా. రంధ్రాలు ఎంత జాగ్రత్తగా వేసినా ఒకే గీత మీద పడవు. అందుకే ప్లగ్‌ని రవ్వంత తిప్పి పట్టుకుంటే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. దాన్ని హుక్‌తో పైకి నెడితే, షియర్ లైన్ దగ్గర చిన్న టిక్ వేలికి తెలుస్తుంది, ప్లగ్ ఒక్క పిసరు కదులుతుంది. తర్వాత ఇంకో పిన్ను బిగుస్తుంది. ఐదారు పిన్నులు ఇలా ఒక్కొక్కటిగా కూర్చుంటే తాళం వచ్చేస్తుంది. రెంచ్ పని తిప్పి పట్టుకోవడం. హుక్ పని వెతకడం, నెట్టడం, అన్నిటికంటే ముఖ్యంగా లోపలి కబురు మీ వేళ్ళకి చేర్చడం.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ పరిస్థితి చూడండి. అరగంట కూర్చున్నా తాళం రాలేదు. కారణం టెన్షన్, అంటే రెంచ్ మీద పెట్టే బలం, ఎక్కువ కావడమా? తప్పు పిన్నుని నెడుతున్నారా? తాళంలో తికమకపెట్టే స్పూల్ పిన్నులు (వాటి సంగతి కింద చెబుతాను) ఉన్నాయా? హుక్ మొన గరుకుగా ఉండి ఇత్తడిని గీరుతుంటే ఆ గీరుడుని పిన్ను కదలికని అనుకుంటున్నారా? ఇన్ని అనుమానాల మధ్య ఏది నిజమో తేల్చుకునే అనుభవం ఇంకా లేదు. మంచి హుక్ ఒకటి కొంటే ఆ చివరి అనుమానం తీరిపోతుంది. తాళం రాకపోతే లోపం మీ చేతిలోనో తాళం కష్టంలోనో ఉంది, పనిముట్టులో లేదు. నేర్చుకునే మొదటి నెలల్లో ఆ భరోసా చాలా విలువైనది. ఇంట్లో చేసిన మొదటి పిక్‌తో అది ఉండదు, ఎంత నేర్పుగలవాళ్ళు చేసినా సరే, ఎందుకంటే బాగుందో లేదో పోల్చి చూసుకోవడానికి ఇంకో పిక్ చేతిలో లేదు కాబట్టి.

రెంచ్ విషయంలో ఈ వాదన తలకిందులవుతుంది. రెంచ్‌కి నునుపు అవసరం లేదు, క్లిష్టమైన ఆకారం లేదు. కావాల్సిందల్లా కీవేలో, అంటే చెవి దూరే సందులో, వదులు లేకుండా కూర్చోవడం, వంగకుండా ఉండడం. కీవే వెడల్పు తాళానికో తీరుగా ఉంటుంది. సెట్లతో వచ్చే రెంచ్‌లు అన్ని తాళాలకీ సరిపోవాలని చేసినవి, అందుకే చాలా తాళాల్లో వదులుగా కూర్చుంటాయి. వదులుగా ఉన్న రెంచ్ జారుతుంది, జారినప్పుడల్లా అప్పటిదాకా కూర్చోబెట్టిన పిన్నులన్నీ కిందికి పడిపోతాయి. కొత్తవాళ్ళ తిప్పల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయని నా నమ్మకం. అందరూ హుక్‌ల ఆకారాల గురించి రోజుల తరబడి చర్చిస్తారు, రెంచ్ గురించి ఎవరూ అడగరు.

రెంచ్‌ని రెండు చోట్ల పెట్టవచ్చు. చెవికి వీపు తగిలే వైపు, అంటే పిన్నులకి ఎదురుగా ఉండే అంచున పెట్టడం పాత పద్ధతి. పిన్నులున్న వైపే, కీవే మూతి దగ్గర పెట్టేది రెండోది, దాన్ని టాప్ ఆఫ్ కీవే అంటారు. నేను నూటికి తొంభై తాళాలకి రెండోదే వాడతాను. హుక్ ఆడడానికి కీవే మొత్తం ఖాళీగా మిగులుతుంది, రెంచ్ పొట్టిగా గట్టిగా ఉంటుంది కాబట్టి ప్లగ్ కదలిక వేలికి సూటిగా అందుతుంది. దీనికి కాస్త మందం రేకు కావాలి. దొరికే రెంచ్‌లలో 0.040, 0.050 అంగుళాల మందాలు మామూలు, అంటే సుమారు 1 మి.మీ., 1.27 మి.మీ.

ఇంట్లో చేయడానికి కారు వైపర్ రబ్బరులో ఉండే స్టెయిన్‌లెస్ పట్టీ మహా చక్కగా పనికొస్తుంది. పాత వైపర్ మార్చేటప్పుడు పారేయకుండా రబ్బరు లాగేస్తే రెండు పక్కలా పొడవాటి పట్టీలు దొరుకుతాయి. కొన్ని రకాల వైపర్లలో అవి ఉండవు, ఉన్నవాటిలోనూ మందం మారుతుంటుంది, కాబట్టి కొలిచి చూసుకోండి. వేలెడు పొడవు ముక్క తుంచి, చివర ఒక సెంటీమీటరు వైస్‌లో బిగించి, నెమ్మదిగా తొంభై డిగ్రీలకి వంచండి. సుత్తితో ఒక్క దెబ్బకి వంచితే మూల దగ్గర చిట్లుతుంది. వైస్ అంచు మరీ పదునుగా ఉంటే మధ్యలో ఒక సన్నటి మేకు అడ్డం పెట్టి దాని గుండ్రం మీదుగా వంచండి. ఇక కీవేలో దూరే ముక్క ఎత్తుని ఆకురాయితో తగ్గించుకుంటూ రావాలి. రెండు రాపిళ్ళు రాయడం, తాళంలో పెట్టి చూడడం, మళ్ళీ రాయడం. లోపలికి వెళ్ళిన మొన మొదటి పిన్నుకి తగలకూడదు. తగిలితే ఆ పిన్ను ఎప్పటికీ కూర్చోదు, కారణం తెలియక తల పట్టుకుంటారు. సరిగ్గా కుదిరిన రెంచ్ ఎలా ఉంటుందంటే, పెట్టి చేయి తీసేసినా కింద పడదు, వేలితో తాకితే ఎటూ కదలదు. ఒక్కో తాళానికి ఒక్కో రెంచ్ ఇలా చేసి పెట్టుకోవచ్చు. కొనుక్కునే దారిలో ఈ సుఖం లేదు.

మెత్తటి రెంచ్ వల్ల ఇంకో నష్టం స్పూల్ పిన్నుల దగ్గర తెలుస్తుంది. స్పూల్ అంటే నడుము సన్నగా ఉండే డ్రైవర్ పిన్ను. ఆ నడుము షియర్ లైన్ దగ్గర చిక్కుకుంటే ప్లగ్ బాగా తిరిగి, తాళం వచ్చేసినట్టే అనిపించి ఆగిపోతుంది. అప్పుడు ఆ పిన్నుని పైకి నెడితే ప్లగ్ వెనక్కి తిరగడానికి చూస్తుంది, రెంచ్ మీ వేలిని వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడు తెలిసినప్పుడు టెన్షన్ కొంచెం సడలిస్తేనే స్పూల్ పైకి వెళ్తుంది. రెంచ్ స్ప్రింగులా ఊగేదైతే ఆ నెట్టుడుని అదే మింగేస్తుంది, మీకు కబురు రాదు.

ఇప్పుడు మీ హాక్సా బ్లేడ్ల సంగతి. చేతిరంపం బ్లేడు మందం మామూలుగా 0.025 అంగుళం, అంటే 0.64 మి.మీ. ఎక్కువ పిక్‌ల మందం కూడా అదే, అందుకే ఈ హాబీలో అందరి కన్నూ ముందు హాక్సా బ్లేడు మీద పడుతుంది. కానీ బ్లేడ్లన్నీ ఒకటి కావు. మొత్తం గట్టిపరిచిన బ్లేడు వంచితే పెంకులా విరుగుతుంది. దానితో చేసిన హుక్ మొన ఏదో ఒకరోజు తాళం లోపలే విరిగి ఉండిపోతుంది, దాన్ని బయటికి తీయడం తాళం తెరవడం కంటే పెద్ద పని. బై-మెటల్ అని రాసి ఉన్న బ్లేడు మనకి కావాల్సింది. దానిలో పళ్ళ అంచు మాత్రమే హైస్పీడ్ స్టీలు, వీపు అంతా వంగి తిరిగి లేచే స్ప్రింగు ఉక్కు. పళ్ళ అంచుని పూర్తిగా సాన పట్టి తీసేసి, వీపు భాగంలోంచే పిక్ కోసుకోండి. ఏ రకమో రాసి లేకపోతే, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, బ్లేడు మీద పాత గుడ్డ కప్పి, వైస్‌లో పట్టి వంచి చూడండి. విరిగితే పక్కన పెట్టేయండి.

ఫీలర్ గేజ్ దీనికంటే మంచి సరుకు. ఆకు మీదే మందం రాసి ఉంటుంది, ఉక్కు స్ప్రింగు గుణంతో ఉంటుంది, పై తలాలు ముందే నున్నగా ఉంటాయి. 0.05 నుంచి 1.00 మి.మీ. దాకా ఇరవై ఆకులుండే సెట్టు మీ దగ్గరున్నదైతే ఒక జీవితానికి సరిపడా పిక్‌లకి కావాల్సిన మందాలన్నీ అందులో ఉన్నట్టే. వెడల్పు కీవేలకి 0.60 లేదా 0.65. సన్నవాటికి 0.45, 0.50. బాగా మెలికలు తిరిగిన కీవేలకి 0.40. అంతకంటే సన్నవి హుక్‌గా పనికిరావు, గట్టి స్ప్రింగుని నెట్టబోతే వంగిపోతాయి.

రోడ్లు ఊడ్చే యంత్రాల బ్రష్‌ల నుంచి రాలే ఉక్కు పుల్లలు కూడా ఈ హాబీలో చాలాకాలంగా పేరున్నవే. చదునుగా, సుమారు మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో, మంచి స్ప్రింగు ఉక్కుతో ఉంటాయి. రోడ్డు పక్కన కనబడితే తీసుకోండి, తుప్పు గీకేస్తే లోపల బాగుంటుంది. పేపర్ క్లిప్పులు, హెయిర్ పిన్నుల గురించి ఎక్కువ చెప్పను. వాటితో తాళాలు తెరుచుకోవడం నిజమే, కానీ నేర్చుకోవడానికి పనికిరావు. పిన్ను కదిలే లోపు తీగే వంగుతుంది, మీ వేలికి తెలిసేది తీగ వంపు మాత్రమే.

హుక్ చేసే పద్ధతి కొంచెం దగ్గర నుంచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే పనికొచ్చే పిక్‌కీ పనికిరాని పిక్‌కీ తేడా వస్తుంది. ముందుగా ఆకు రెండు వైపులా పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూయండి. మీరు కొన్న హుక్‌ని దాని మీద పెట్టి, సూదితో చుట్టూ గీయండి. నలుపులో గీత తళతళా కనబడుతుంది. కొన్న హుక్ ముందు ఉండాలన్నది ఇందుకు కూడా. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు ప్రింటు తీసి అంటించవచ్చు, కానీ ప్రింటరు కొలత పది శాతం మారిస్తే పిక్ కీవేలో పట్టదు. కాడ ఎత్తు రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడ అర మిల్లీమీటరు తేడా అంటే చాలా పెద్ద తేడా. కాడ పొడవు కూడా చూసుకోవాలి. ఆరు పిన్నుల సిలిండర్‌లో చివరి పిన్ను రెండున్నర సెంటీమీటర్ల పైగా లోపల ఉంటుంది, అక్కడికి చేరి కూడా కొంత మిగలాలి.

గీతకి ఒక మిల్లీమీటరు బయటగా రోటరీ టూల్ డిస్కుతో కోయండి. ఆ తర్వాత సాన. ఇక్కడ ఒకే ఒక్క నియమం: ఉక్కుని చేత్తోనే పట్టుకోండి, వేలికి వేడి సోకగానే నీళ్ళలో ముంచండి. ఒత్తి పట్టి సాన పడితే అంచు ముందు లేత పసుపు రంగుకి, తర్వాత గోధుమకి, ఊదాకి, సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలానికి తిరుగుతుంది. ఆ రంగులు దాటి బూడిద రంగు వచ్చిందంటే అక్కడ టెంపర్ పోయింది, ఉక్కు మెత్తబడింది. హుక్ మొన అతి సన్నటి భాగం కాబట్టి అన్నిటికంటే ముందు కాలేది అదే. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి, సన్న డిస్కులు పగిలి ఎగిరి వస్తాయి. తిరిగే సానరాయి దగ్గర చేతి తొడుగులు వేసుకోవద్దు, చక్రం తొడుగుని పట్టిందంటే వేలినీ లాక్కుపోతుంది.

చివరి అర మిల్లీమీటరుని యంత్రంతో తీయకండి, నీడిల్ ఫైల్ అనే సన్నటి ఆకురాయితో తీయండి. గీరే దిశ ముఖ్యం. కాడకి అడ్డంగా పడిన ప్రతి గీతా రేపు పగులు మొదలయ్యే చోటు అవుతుంది. అందుకని చివరి రాపిడి అంతా కాడ పొడవునా సాగాలి. హుక్ కాడ నుంచి లేచే లోపలి మూలని ఎప్పుడూ గుండ్రంగా వదలండి. చూడ్డానికి చక్కగా ఉందని అక్కడ చతురస్రపు మూల తీస్తే పిక్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. విరిగిన పిక్‌లు చేతికొస్తే గమనించండి, ఎక్కువ వాటిలో పగులు ఆ మూల నుంచే బయలుదేరి ఉంటుంది.

తర్వాత నునుపు. 220 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 1000, ఓపిక ఉంటే 2000 దాకా. ఒక్కో నంబరు దగ్గర ముందు నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా ఆగాలి. నాలుగు అంచులూ కొద్దిగా గుండ్రంగా చేయండి, ముఖ్యంగా కింది అంచు, ఎందుకంటే కీవే గోడల మీద ఆనుకుని జారేది అదే. చివరికి పాలిష్ పేస్టు రాసిన గుడ్డతో రుద్దండి. పరీక్ష సులువు: మొనని బొటనవేలి గోరు మీద అన్ని దిక్కులా జార్చండి. ఎక్కడా పట్టకూడదు, గీత పడకూడదు. పట్టిన చోటు లోపల ఇత్తడిని కూడా పడుతుంది, మీరు దాన్నే టిక్ అనుకుంటారు. ఈ పని విసుగనిపించి వదిలేసేవాళ్ళే ఇంట్లో చేసిన పిక్‌లు పనిచేయవని చెబుతుంటారు. ఆకారం కొంచెం అటూ ఇటూ అయినా నున్నటి పిక్ తాళం తెరుస్తుంది. కొలత తప్పని గరుకు పిక్ మాత్రం మిమ్మల్ని ప్రతిసారీ తప్పుదారి పట్టిస్తుంది.

పిడికి ఆకు వెడల్పు అలాగే వదిలేసి, వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ ట్యూబ్ రెండు పొరలు తొడిగి వేడి చేస్తే సరిపోతుంది. మెత్తటి రబ్బరు బాగా మందంగా చుడితే చేతికి హాయిగా ఉంటుంది కానీ లోపలి కబురు అంత స్పష్టంగా రాదు.

కొనేటప్పుడు ఏం చూడాలి? పీటర్సన్, స్పారోస్, సౌత్‌ఆర్డ్, మల్టీపిక్ లాంటి పేరున్న తయారీదారులు పిక్‌లని విడిగా కూడా అమ్ముతారు. మొదటి కొనుగోలుగా షార్ట్ హుక్ ఒకటి 0.025 అంగుళం మందంలో, అదే ఆకారం 0.018 లేదా దాని దగ్గర మందంలో ఇంకోటి, వీలైతే ఒక రేక్ (పిన్నులన్నిటి మీదా ఒకేసారి ఆడించే, అలల్లాంటి మొన ఉన్న పిక్). అంతే. పేరున్నవైనా కోసిన అంచులు పూర్తి నునుపుగా రాకపోవచ్చు. వచ్చిన రోజే గోటి పరీక్ష చేసి, అవసరమైతే 600, 1000 కాగితాలతో రుద్దండి. కొన్న పనిముట్టుని రుద్దడానికి మనసొప్పదు కొందరికి. రుద్దండి, అది వాడుకోవడానికే ఉంది.

ముప్పై ముక్కల చవక సెట్టు ఎందుకు వద్దంటానంటే, అందులో సగానికి పైగా ఆకారాలు మీరు ఎప్పుడూ వాడరు. ఉక్కు మెత్తన, మందం ఎక్కువ, రెంచ్‌లేమో ఒకటే మూసలో పోసినట్టు. ఒక ఆకారంతో రాకపోతే ఇంకోటి తీసి చూడాలనే అలవాటు కూడా అక్కడే పడుతుంది. మీరు అడిగిన చెడు అలవాటు నిజంగా ఉందంటే ఇదే. ఒక్క హుక్‌తో కూర్చున్నవాళ్ళు తాళం రాకపోతే టెన్షన్ మారుస్తారు, మళ్ళీ మొదటి పిన్ను నుంచి వెతుకుతారు, నేర్చుకుంటారు. ఇంట్లో చేసిన పిక్ వల్ల పడే అలవాటు ఒకటి ఉంది: పిక్ బలహీనంగా ఉంటే తెలియకుండానే రెంచ్ మీద బలం పెంచేస్తారు. అది పోగొట్టుకోవడం కష్టం. గట్టి ఉక్కుతో, నున్నగా చేసుకుంటే ఆ భయం లేదు.

ఇంట్లో చేసుకోవడం నిజంగా గెలిచేది కొంతకాలం గడిచాక, ఒక్కో తాళం ఒక్కో పేచీ పెట్టేటప్పుడు. ఉదాహరణకి కీవే గోడ నుంచి పొడుచుకొచ్చిన గట్టు కాడకి తగిలి, హుక్ వెనక పిన్ను దాకా వెళ్ళడం లేదనుకోండి. కొన్న పిక్‌తో చేయగలిగింది లేదు. మీరు చేసుకున్న దానికి కాడ అడుగున సరిగ్గా ఆ చోట కొంచెం రాసేస్తే దూరిపోతుంది. ముందు పిన్ను బాగా కిందికి, దాని వెనకది బాగా పైకి వెళ్ళాల్సిన తాళంలో, మొన ఇంకో అర మిల్లీమీటరు ఎత్తుండాలి. అదీ చేసుకోవచ్చు. ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లో బ్రామా కంపెనీ తమ తాళాన్ని తెరిచినవారికి 200 గినీలు (పాత బ్రిటిష్ నాణేలు) ఇస్తామని షాపు కిటికీలో దశాబ్దాల పాటు సవాలు పెట్టి ఉంచింది. 1851లో గ్రేట్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ దాన్ని 16 రోజుల వ్యవధిలో 51 గంటలు పనిచేసి తెరిచాడు. అలాంటి తాళానికి పనిముట్లు ఏ షాపులోనూ దొరకవు. ఆ తాళం కోసమే ప్రత్యేకంగా సిద్ధం చేసుకున్నవాటితోనే పని జరిగింది. ఈ రోజుల్లో బాగా అమ్ముడుపోయే బొగోటా రేక్ కూడా మొదట ఒక హాబీదారు చేతుల్లో రూపుదిద్దుకుని తర్వాతే కంపెనీల జాబితాల్లోకి ఎక్కింది.

ఇంట్లో ప్రయత్నించకూడనివీ ఉన్నాయి. డిస్క్ డిటెయినర్ తాళాలు, అంటే 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన ఆబ్లాయ్ తరహావి, స్ప్రింగులూ పిన్నులూ లేకుండా తిరిగే బిళ్ళలతో పనిచేస్తాయి. వాటి పిక్‌లో ఒకదానిలో ఒకటి తిరిగే భాగాలుంటాయి, లేత్ యంత్రం మీద పనిచేసే నేర్పు లేకపోతే కొనుక్కోవడమే. గుండ్రటి చెవి పట్టే ట్యూబులర్ తాళాల పిక్‌లదీ అదే దారి. చెవి పలక మీద గుంటలుండే డింపుల్ తాళాలకి వాడే ఫ్లాగ్ ఆకారం (మొన జెండాలా పక్కకి ఉండేది) మాత్రం మందపాటి పుల్లతో చేసుకోవచ్చు, ఓపిక కావాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. మీరుండే చోటి చట్టం ముందే చదవండి, దేశానికో తీరుగా ఉంటుంది. జపాన్‌లో 2003లో చేసిన చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ఈ పనిముట్లు దగ్గర ఉంచుకోవడమే నేరం. చాలాచోట్ల చూసేది ఉద్దేశాన్ని. పిక్ కొన్నారా, చేశారా అన్నది చట్టం ముందు మిమ్మల్ని కాపాడదు, అందుకని ఊరికే జేబులో వేసుకుని తిరగడం మానండి. జర్మనీలో 1997 నుంచి ఉన్న స్పోర్ట్స్‌ఫ్రాయిండె డెర్ స్పెర్‌టెక్నిక్ లాంటి క్లబ్బులు పెరిగాక, ఈ హాబీలో అందరూ రెండు నియమాలు పాటిస్తారు: మీది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు, వాడకంలో ఉన్న తాళం మీద సాధన చేయకూడదు. రెండోది చాలామందికి అర్థం కాదు, మా ఇంటి తలుపే కదా అంటారు. మొన విరిగి లోపల ఉండిపోతే తలుపు తెరుచుకోదు. కొన్ని సిలిండర్లలో ప్లగ్ తలకిందులుగా తిరిగినప్పుడు డ్రైవర్ పిన్నులు కీవేలోకి దిగి అక్కడే ఇరుక్కుంటాయి. సాధనకి విడిగా తాళాలు కొనుక్కోండి.

ఏ తాళాలంటే, లోపల కనబడే పారదర్శకపు ప్లాస్టిక్ తాళం పని అర్థం చేసుకోవడానికి ఒకరోజు పనికొస్తుంది, చేతికి మాత్రం అబద్ధం చెబుతుంది, అంత వదులుగా ఉంటుంది. పిన్నులు మార్చుకోగలిగే ప్రాక్టీస్ సిలిండర్ అయితే రెండు పిన్నులతో మొదలుపెట్టి ఒక్కోటి పెంచుకుంటూ పోవచ్చు. మాస్టర్ లాక్ నంబర్ 3 లాంటి నాలుగు పిన్నుల తాళంకప్ప మొదటి విజయానికి బాగుంటుంది. అమెరికన్ లాక్ 1100 లోపల గాట్లున్న సెరేటెడ్ పిన్నులు, స్పూల్‌లు ఉంటాయి, దాన్ని ఇప్పుడే తీయకండి. మీరు చేసుకున్న హుక్ కొన్నదానితో సమానంగా ఉందో లేదో తేల్చుకోవాలంటే బాగా అలవాటైన తాళం ఒకటి తీసుకుని రెంటితోనూ మార్చి మార్చి తెరవండి. ఏ పిన్ను దగ్గర ఏది మూగబోతోందో తెలుస్తుంది, ఆ చోటే మళ్ళీ రుద్దాలి.

వాడాక పిక్‌లని గుడ్డతో తుడిచి, ఫీలర్ గేజ్‌తో చేసినవాటికి ఒక చుక్క నూనె రాసి పెట్టండి. అది స్టెయిన్‌లెస్ కాకపోతే చేతి చెమటకే తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన మొనని మళ్ళీ 400 కాగితం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మీ హాక్సా బ్లేడ్ల మీద ఏం రాసి ఉందో చూసి చెప్పండి, ఏది పనికొస్తుందో చెబుతాను. మొదటి ప్రయోగాలు వాటి మీదే చేయండి. గేజ్‌లో 0.45, 0.60 ఆకులని మాత్రం చేయి కుదిరేదాకా ముట్టుకోకండి, ఒక్కోటి ఒక్కటే ఉంటుంది.